ఆసుపత్రి మేడ మీద నలభై ఏడు నిమిషాలు

నవంబర్ 4

ఇప్పుడు రాయకపోతే నిజం ఇక నాకే దొరకదు. అందుకే రాస్తున్నాను. నిన్న జరిగింది ఇప్పటికే తొమ్మిదిమందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ కథ కాస్త నున్నబడుతోంది. మొదటిసారి చెప్పినప్పుడు చేతులు వణికాయన్నాను. ఐదోసారికి ఆ వణుకు కథలోంచి జారిపోయింది. పద్నాలుగో తేదీలోగా పెద్ద సార్‌కి జరిగినదంతా కాగితం మీద రాసి ఇవ్వాలి. అంతకంటే ముందు, ఎవరూ చూడని ఈ పుస్తకంలో జరిగింది జరిగినట్టు ఒకసారి రాసుకోవాలి.

చక్రాలు కడుపులోకి ముడుచుకునే విమానంలో నాకిది మూడో సోలో. పక్కన నేర్పేవాళ్ళెవరూ ఉండరు. అరగంట ఎగిరి తిరిగొచ్చాను. ఎప్పటిలాగే ఆసుపత్రి మేడ దాటాక చక్రాల మీట కిందికి వేశాను. ఆ మీట పక్కన మూడు చిన్న దీపాలుంటాయి, చక్రానికొకటి. చక్రం దిగి గట్టిగా బిగుసుకుంటే దాని దీపం పచ్చగా వెలుగుతుంది. మూడిట్లో ఒక్కటీ వెలగలేదు. ఎదురుగా ఎండ. చేయి అడ్డం పెట్టి చూశాను. లేదు.

టవర్‌కి చెప్పాను. తక్కువ ఎత్తులో తమ ముందునుంచి ఒకసారి వెళ్ళమన్నారు. వెళ్ళాను. "మూడూ దిగినట్టే కనిపిస్తున్నాయి. బిగుసుకున్నాయో లేదో మాత్రం మేం చెప్పలేం" అన్నారు. బిగుసుకోని చక్రం నేల తగలగానే మడత పడుతుంది. మళ్ళీ పైకి లేచాను.

తర్వాత రేడియోలో పెద్ద సార్ గొంతు. మా శిక్షణంతా చూసేది ఆయనే. బండి నేర్పే మేనమామలా మాట్లాడతారు.

"ఇంధనం ఎంతుందమ్మా?"

"రెండు గంటలకి సరిపోతుంది సార్."

"అయితే మనకేం తొందర లేదు. అక్కడక్కడే తిరుగుతూ ఉండు. నేను చెక్‌లిస్ట్ చదువుతా, నువ్వు ఒక్కోటీ చూసి చెప్పు."

ఆయన చదివారు. నేను చెప్పాను. ఏదీ పని చేయలేదు. వేగం తగ్గించి, అత్యవసర మీట నొక్కిపట్టి, చక్రాలు వాటి బరువుతోనే జారి బిగుసుకునేలా విమానాన్ని అటూ ఇటూ ఊపాను. దీపాలు చీకటిగానే ఉన్నాయి. మొత్తం నలభై ఏడు నిమిషాలు తిరిగాను. చివరికి, ఏదైతే అదవుతుందని దిగమన్నారు. రన్‌వే పక్కన మంటలార్పే బండి నిలబడి ఉంది. ఎడమ చక్రం ఆనింది, కుడిది ఆనింది. ముందు చక్రాన్ని ఆపగలిగినంతసేపు గాల్లోనే ఆపాను. అదీ ఆనింది. ఏదీ మడత పడలేదు. రన్‌వే మధ్యలోనే ఇంజను ఆపి, స్విచ్‌లన్నీ కట్టేసి కిందికి దూకాను.

పెద్ద సార్ నడిచొచ్చారు. "రేపు నీకొచ్చే మొదటి జీతంలో సగం నాకివ్వాలి, నా వెంట్రుకలు సగం తెల్లబడ్డాయి" అన్నారు. తర్వాత నెమ్మదిగా, "చక్కగా చేశావు" అన్నారు. ఆ మాట నేను పడుకునేదాకా చెవిలో ఉంది.

నవంబర్ 5

సార్ చదివిన జాబితాలో ప్రతిదీ చూశాను. చూసే చెప్పాను.

నవంబర్ 6

పొద్దున విమానాలు నిలిపే హ్యాంగర్‌కి వెళ్ళాను. విమానాన్ని జాకీల మీద ఎత్తి నిలబెట్టారు. గాల్లో కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న పిల్లలా ఉంది. దాని కింద నట్ల బాబాయ్. మా మెకానిక్. చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగు నట్లు గలగలలాడుతుంటాయని ఆ పేరు. ముప్పై ఏళ్ళుగా ఇదే పని.

"రా తల్లీ, హీరోయిన్‌వి. మీట వెయ్యి, చూద్దాం" అన్నాడు.

లోపల కూర్చుని మీట వేశాను. కడుపు తలుపులు తెరుచుకున్నాయి, చక్రాలు దిగాయి, టక్కుమని బిగిశాయి. మూడు పచ్చ దీపాలు వెలిగాయి.

"మళ్ళీ."

మూడు దీపాలు.

"మళ్ళీ వెయ్యమ్మా."

పొద్దున్నుంచి అప్పటికి ఇరవై ఆరుసార్లు అయిందట. ఇరవై ఆరుసార్లూ మూడే. బాబాయ్ కింద నుంచి జరిగి బయటికొచ్చి, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"నా ముందు బుద్ధిమంతురాలు. నీ దగ్గర ఎందుకు వేషాలేసిందో మరి."

అతను నవ్వాడు గాని కళ్ళు నవ్వలేదు. పది రోజుల కిందట ఎడమ చక్రం దగ్గరున్న సెన్సర్ మార్చింది అతనే. పని బాగుందని ముద్ర వేసిందీ అతనే. కారణం తేలేదాకా ఆ ముద్ర ఆఫీసు బీరువాలో ఉంటుంది. ముద్ర లేని మెకానిక్ ఎవరి విమానానికీ బోల్టు బిగించకూడదు. కారణం అతని పనే అని తేలితే ఆ ముద్ర ఇక తిరిగి రాదు.

"నీదేం తప్పు లేదులే. నువ్వు దింపకపోతే నేను ఇప్పుడు ముక్కలు ఏరుకుంటూ ఉండేవాణ్ణి" అన్నాడు.

టీ తాగకుండానే వచ్చేశాను.

నవంబర్ 7

అక్క గురించి రాయాలనిపిస్తోంది. ఈ పుస్తకంలో దానికి చోటు లేదనుకున్నాను. కానీ ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ రాయను.

అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు, అక్కకి పదహారు. నన్ను బడికి పంపి తను పనికి వెళ్ళింది. మా ఇంట్లో అక్షరం వచ్చింది నాకు ఒక్కదానికే. ఇప్పుడది ఆసుపత్రి బట్టల విభాగంలో చేస్తుంది. మధ్యాహ్నం ఉతికిన దుప్పట్లు మేడ మీద ఆరేస్తుంది, నాలుగింటికి మడతపెట్టి కిందికి దింపుతుంది. ఆ మేడ సరిగ్గా మా విమానాలు తిరిగే దారి కిందే ఉంది. పై నుంచి తెల్ల దుప్పట్లు అగ్గిపెట్టెలంత కనిపిస్తాయి. వాటి మధ్య చుక్కంత మనిషి. అది అక్కో, ఇంకొకరో.

అక్కని చూసి తొమ్మిది వారాలైంది. పోయినసారి యూనిఫాంలో వెళ్ళాను. నిజం చెప్పాలంటే చూపిద్దామనే వెళ్ళాను. అక్క కుర్చీని కొంగుతో తుడిచింది. తోటివాళ్ళ ముందు నన్ను "కూర్చోండి" అంది. తమాషాకి అందనుకున్నాను. నవ్వాను. అది నవ్వలేదు. నా జడ లాగి తల దువ్విన మనిషి నా పక్కన కూర్చోడానికి సందేహించింది. అప్పట్నుంచి ఫోను చేస్తే "తిన్నారా, సరే, మీకు పనులుంటాయి" అని పెట్టేస్తోంది. ఇంతకు ముందు నాతో ఒకటే తిట్లు. ఇప్పుడు ఒక్క తిట్టూ లేదు.

అందుకే ఈ ఉపాయం చెప్పాను. "రెక్కల చివర దీపాలు వేసుకుని మీ మేడ మీదుగా వెళ్తా. పట్టపగలు దీపాలు వేసుకున్నది నేనే, చూడు" అన్నాను. "అలాగేనండి" అంది.

ఎగిరిన ప్రతిసారీ వేశాను. ఆ రోజు కూడా వేశాను. పగలు వేయకూడదని ఎక్కడా రాసి లేదు.

నవంబర్ 8

కారణం తేలేదాకా నేను కూడా ఎగరకూడదని ఇవాళ కాగితం వచ్చింది. తాత్కాలికమేనట.

కిటికీలోంచి తోటి పిల్లలు ఒకరి తర్వాత ఒకరు లేవడం చూస్తూ కూర్చున్నాను. నేల వదిలేసే క్షణంలో చక్రాల దడదడ ఒక్కసారిగా ఆగిపోతుంది. దానికి ఒక పేరుంటే బాగుండేది. ఆ నిశ్శబ్దం కోసం చెవి ఇక్కడ, ఈ గదిలో ఎదురు చూస్తోంది. ఫ్యాను ఆపేసి చూశాను. అది వేరే నిశ్శబ్దం.

నవంబర్ 9

ఆ విమానం పుస్తకం తీశాను. దీపాల గురించి ఉన్న పేజీ తెరిచి, మూసేశాను. గదంతా ఊడ్చాను. పుస్తకం అటక మీద పెట్టాను.

నవంబర్ 10

బాబాయ్‌కి నిద్ర లేనట్టుంది. గడ్డం గీసుకోలేదు. నలభై ఎనిమిదిసార్లు దింపి ఎత్తాడట. ప్రతి వైరూ విప్పి మళ్ళీ కలిపాడట. ముద్ర లేదు కాబట్టి ఇంకొక మెకానిక్‌ని పక్కన నిలబెట్టుకుని చేస్తున్నాడు. ఆ ఇంకొకాయన ఇతని దగ్గరే పని నేర్చుకున్నవాడు. స్టూలు మీద కూర్చుని ఇబ్బందిగా గోళ్ళు చూసుకుంటున్నాడు.

"ఒక్క సంగతి మిగిలింది" అన్నాడు బాబాయ్. "దీంట్లో రెక్కల దీపాలు వేస్తే లోపల డయల్ లైట్లు కూడా వెలుగుతాయి. డయల్ లైట్లు వెలిగితే ఈ మూడు పచ్చ దీపాలూ రాత్రివేళ కళ్ళు చెదరకుండా వాటంతటవే తగ్గిపోతాయి. ఎండలో అయితే అస్సలు కనిపించవు. ఇదివరకు ఇంకోచోట ఒకాయన ఇలాగే బెదిరిపోయాడు. అందుకే చెక్‌లిస్ట్‌లో ఆ లైను పెట్టారు."

నేను వంగి చెప్పు పట్టీ సరిచేసుకున్నాను.

"కానీ నువ్వు చూశావు కదా. రేడియో టేపు నేనూ విన్నా. సార్ 'డయల్ లైట్లు?' అన్నారు, నువ్వు టక్కున 'ఆఫ్' అన్నావు. గొంతులో తడబాటు కూడా లేదు. అంత భయంలో ఎంత నిబ్బరం తల్లీ నీకు."

చేతులు ముందుకు చాచి, బోర్లా తిప్పి, వెల్లకిలా తిప్పి చూసుకున్నాడు.

"ఎక్కడో నేనే వదులుగా వదిలేసి ఉంటా. ఈ మధ్య నట్టు వేళ్ళకి ఆనడం లేదు సరిగా. ఇంట్లో కూడా అంటోంది, కళ్ళు చూపించుకో అని. వయసైపోయిందేమో."

స్టూలు మీది ఆయన, "ఊరుకోండి గురువుగారూ" అన్నాడు.

నేనూ ఊరుకున్నాను.

నవంబర్ 11

అక్క ఫోను చేసింది. అదే చేసింది. మామూలుగా నేను చేస్తాను.

"ఏమే, ఆ రోజు ఎంతసేపున్నావే!"

ఎన్ని నెలలకి ఆ 'ఏమే'. గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాను.

"పదకొండుసార్లు తిరిగావు, నేను లెక్కపెట్టా. అందర్నీ పైకి పిలిచా. వంటావిడ కూడా వచ్చింది గరిటెతో సహా. మా సూపర్‌వైజరు అంటోంది, 'మీ చెల్లెలికి దిగడం రాదా ఏంటి' అని. 'దానికి రాక కాదు, దిగబుద్ధి కాక. నన్ను చూస్తోంది' అన్నా. ఒకసారైతే ఇలా ఇలా ఊపావు కదా రెక్కలు. నాకే కదా?"

విమానం ఊపింది చక్రాలు బిగుసుకోడానికి.

"ఊ" అన్నాను.

"దుప్పటి తీసుకుని ఊపా నేను కూడా. కనిపించిందా?"

"కనిపించింది."

కనిపించలేదు. ఆ నలభై ఏడు నిమిషాల్లో నేను ఒక్కసారి కూడా కిందికి చూడలేదు.

"దీపాలు బాగా కనిపించాయా అక్కా?"

"ఏం దీపాలు? ఓ, అవా. ఎండలో దీపాలేం కనిపిస్తాయే పిచ్చిదానా. ఒక్కసారీ కనిపించలా. నువ్వు బాధపడతావని అనలా."

"మరి నేనేనని ఎలా తెలుస్తుంది నీకు?"

"తెలీదు. వచ్చే ప్రతిదానికీ చేయి ఊపుతా. ఏదో ఒకటి నువ్వయి ఉంటావు కదా." కాస్త ఆగి అంది. "ఆ రోజు మాత్రం తెలిసింది. మా మేడని వదలకుండా అంతసేపు ఇంకెవరు తిరుగుతారు? నిన్న కూడా వచ్చావు కదా నాలుగింటికి?"

నేను ఎగరక వారం దాటింది.

"ఊ" అన్నాను.

ఫోను పెట్టేసి ఈ పుస్తకం తీశాను. దాని గొంతులో అంత సంబరం చిన్నప్పుడు కూడా వినలేదు. ఆ సంబరాన్ని చెడగొట్టడానికి మనసొప్పడం లేదని రాయబోయాను. అది సగమే నిజం. మిగతా సగం, నాకు మళ్ళీ ఎగరాలని ఉంది. నోరు విప్పితే ఎగరనివ్వరేమోనని ఉంది.

నవంబర్ 12

సరే. రాస్తున్నాను.

సార్ "డయల్ లైట్లు?" అన్నారు. నేను "ఆఫ్" అన్నాను. స్విచ్ వైపు చూడలేదు. ఆ ప్రశ్నకి జవాబు 'ఆఫ్' అని పుస్తకంలో ఉంది. పరీక్షలో రాశాను, పదికి పది వచ్చాయి. రెక్కల దీపాలు అక్క కోసం వేసి ఉన్నాయి. వాటితో పాటు లోపలివి కూడా. దిగాక, అన్ని స్విచ్‌లతో పాటు దాన్నీ నా చేత్తోనే కట్టేశాను. అప్పుడు వేలికి తగిలింది, అది వేసి ఉందని. ఆ క్షణంలోనే తెలిసింది. నాలుగో తేదీన ఈ పుస్తకంలో నిజం రాస్తానని కూర్చున్నప్పుడు కూడా తెలుసు. చక్రాలకి ఏ జబ్బూ లేదు. మొదటిసారి మీట వేసినప్పుడే మూడూ దిగి బిగుసుకున్నాయి. దీపాలు మూడూ వెలుగుతూనే ఉన్నాయి. ముందు రెండుసార్లూ ఎండ ఇలా ఎదురుగా లేదు కనక మసగ్గానైనా కనిపించాయి.

నాకు పాఠాలు అప్పజెప్పించుకున్నది అక్క. పుస్తకం చేతిలో పట్టుకుని ఎదురుగా కూర్చునేది. ఒక్కోసారి తలకిందులుగా పట్టుకునేది. నేను తిప్పి ఇచ్చేదాన్ని. తనకి చదవడం రాదు కనక నేను చెప్పింది ఒప్పో తప్పో తెలుసుకోడానికి ఒకటే దారి. నేను ఆగకుండా చెబితే ఒప్పు, నీళ్ళు నమిలితే తప్పు. తప్పయితే అన్నం లేటు. ఆరు నెలల్లో నేను నీళ్ళు నమలడం మానేశాను. రాని చోట కూడా గడగడా ఏదో ఒకటి చెప్పేసేదాన్ని. అక్క తలూపేది. "నా చెల్లెలు ఎక్కడా ఆగదు" అని అందరికీ చెప్పుకునేది.

దాని తప్పని కాదు. ఎలా పెంచాలో దానికి ఎవరు చెప్పారు గనక. పెద్ద సార్ ముందు మాత్రం నేను ఒక్క క్షణం ఆగి ఉండాల్సింది. "ఉండండి సార్, చూసి చెప్తా" అని.

నవంబర్ 13

పెద్ద సార్ కంటే ముందు బాబాయ్‌కి చెప్పాలనిపించింది. హ్యాంగర్ వెనక ట్యాపు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. చెప్పాను. మొత్తం చెప్పాను. ఈసారి చాలాచోట్ల ఆగాను.

అతను ట్యాపు కట్టలేదు. నీళ్ళు పోతూనే ఉన్నాయి. చివరికి నేనే కట్టాను.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"దిగినప్పట్నుంచి బాబాయ్."

"నేను కింద పడుకుని దొర్లుతుంటే పైన కూర్చుని మీట వేశావు కదా. అప్పుడు కూడానా?"

"అప్పుడు కూడా."

అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. జేబులోంచి నట్లు తీసి గట్టు మీద ఒక్కోటీ పెట్టాడు, మళ్ళీ ఒక్కోటీ తీసి జేబులో వేసుకున్నాడు.

"భయపడ్డావు, అది తప్పు కాదు. చూడకుండా చెప్పావు, అది తప్పు. కానీ అది ఎవరైనా చేస్తారు, నేనూ చేశా. ఈ పది రోజులు చూడు, అది వేరే. నా చేతుల్ని నేను అనుమానించేలా చేశావే తల్లీ. నిన్న మా ఇంట్లో బల్బు మారుస్తూ రెండుసార్లు దిగి చూసుకున్నా, సరిగ్గా బిగించానో లేదోనని."

క్షమించమంటే అది కూడా చెక్‌లిస్ట్‌లో జవాబులా ఉంటుందనిపించి ఊరుకున్నాను.

వెళ్ళిపోతూ వెనక్కి తిరిగాడు. "రాసి ఇస్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే రాస్తా."

"రాయి. అందంగా రాయకు."

నవంబర్ 14

తెల్లారి రాసి, తొమ్మిదింటికి ఆఫీసులో ఇచ్చాను. పెద్ద సార్ లేరు, రెండు రోజులదాకా రారట. టేబుల్ మీద పెట్టి వచ్చాను. నా కోసం నకలు ఇక్కడ ఉంచుకుంటున్నాను. పొడుగ్గా రాసినవి మూడు చింపేశాక మిగిలింది ఇది.

పెద్ద సార్‌కి,

మూడో తేదీన నేను ఒంటరిగా నడిపిన విమానంలో చక్రాలకు ఏ లోపమూ లేదు. రెక్కల దీపాలు వేసి ఉండడం వల్ల చక్రాల దీపాలు ఎండలో కనిపించలేదు. రెక్కల దీపాలు వేసింది నేను. శిక్షణ కోసం కాదు. ఆసుపత్రి మేడ మీద పనిచేసే మా అక్కకు, వెళ్తున్నది నేనని తెలియాలని వేశాను. మీరు డయల్ లైట్ల గురించి అడిగినప్పుడు స్విచ్ చూడకుండా 'ఆఫ్' అని చెప్పాను. దిగిన వెంటనే నాకు ఈ సంగతి తెలిసింది. పది రోజులు ఎవరికీ చెప్పలేదు.

మెకానిక్ గారి పనిలో ఏ పొరపాటూ లేదు. ఆయన ముద్రను ఈ రోజే ఆయనకు తిరిగి ఇప్పించండి. నా విషయం తేలేదాకా దాన్ని ఆపవద్దని మనవి.

మీరు నాతో "చక్కగా చేశావు" అన్నారు. ఆ మాట వెనక్కి తీసుకోవచ్చు.

నాకు ఎగరాలని ఉంది. మొదటి పాఠం నుంచి మళ్ళీ మొదలుపెట్టమన్నా సరే, ఏడాది ఆగమన్నా సరే. ఇక ఎగరవద్దంటే అదీ మీరే చెప్పాలి.

ఏదైనా సరే, ఇరవై రెండో తేదీలోగా దయచేసి జవాబు ఇవ్వండి. ఆ రోజు మా అక్కకు సెలవు. నేను రోజూ పైన ఉన్నాననే ఆమె ఇప్పటికీ అనుకుంటోంది. కాదని, ఎందుకు కాదో, మళ్ళీ ఎప్పుడో, ఆమె పక్కన కూర్చుని నేనే చెప్పాలి.